బుడమేరు చేసిన నేరమేమిటి?

నాలుగు వానలు పడ్డాయో లేదో, టీవీల్లో బుడమేరు మళ్లీ ‘కన్నెర్ర’ చేసింది. వంతెన మీద విలేకరి, కింద నల్లటి మురుగు, తెర మీద ‘బెజవాడ దుఃఖదాయిని’ అని ఎర్రటి అక్షరాలు. ఆ బిరుదు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏడాది పొడవునా ఊరి మురుగు మోసే వాగు నాలుగు రోజులు తన నీళ్లు తాను మోసుకుంటే శాపనార్థాలా?

మైలవరం కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా దిగి, బెజవాడకు ఉత్తరాన సాగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ అడుగున దూరి కొల్లేరు చేరడం దాని దారి. ఆ దారి నిన్న మొన్న పడింది కాదు. సింగ్ నగర్, పాయకాపురం తర్వాత వచ్చి దాని పల్లంలో కూర్చున్నాయి.

మన ఇంజనీరింగ్ చూడండి. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతున్నాం. కృష్ణలో చోటుంటే భేషైన ఏర్పాటే. కొండల్లో కుండపోత కురిసిన రోజే కృష్ణ కూడా పొంగితే? 2024 సెప్టెంబరు మొదట్లో జరిగింది అదే. బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు బద్దలు కొట్టింది. ఇక కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? గట్టుకు గండ్లు పడ్డాయి, నీళ్లు పాత దారి పట్టాయి. ఆ గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. 2005లో ఊరు మునిగినప్పుడే మనకు బుద్ధి రావాల్సింది.

‘అంతా ఆక్రమణల వల్లే’ అంటారు అధికారులు. రెండు సెంట్లు కొనుక్కున్న ఆటో డ్రైవరేనా ఆక్రమణదారు? లేఔట్ గీసిందెవరు? రిజిస్ట్రేషన్ చేసిందెవరు? కరెంటు మీటరు బిగించి, ఇంటిపన్ను రసీదు చేతిలో పెట్టిందెవరు?

అసలు జబ్బు పేరు క్రమబద్ధీకరణ. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఎల్ఆర్ఎస్, అంటే అక్రమ లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం, వచ్చింది. 2015లో తెలంగాణలో మళ్లీ వచ్చింది. 2020లో రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది. చెరువులకూ నాలాలకూ మినహాయింపు ఉందంటారు, కాగితం మీద. తెలంగాణ ఆ ఏడాది ఆగస్టు చివర్లో పథకం ప్రకటించింది, అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మెడలోతు మునిగాయి. తప్పు చేసి ఆగితే చాలు, రుసుము కట్టించుకుని ముద్ర వేస్తారు. నిబంధన ప్రకారం కొన్నవాడే వెర్రివాడు.

అయ్యా, కొత్త పథకాలు, కొత్త టెండర్లు తర్వాత. ముందు బెజవాడలో ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడకూ బుడమేరు హద్దుల పటం తగిలించండి. 2024లో నీళ్లు ఎంత మేర నిలిచాయో అందులో చూపించండి. ప్లాటు కొనేవాడు సంతకం పెట్టే ముందు దాన్ని చూస్తాడు. ఆ ఒక్క పటం తగిలించలేని ప్రభుత్వానికి వాగును తిట్టే హక్కు లేదు.