పిల్లల కడుపునొప్పిని త్రోసివేయరాదు

బడికి పోవు వేళ బిడ్డ కడుపునొప్పి యన్నచో, కొందరు పెద్దలు అది బడి ఎగవేయుటకు సాకందురు. కొందరు దిష్టి తీసి ఊరకుందురు. మరికొందరు మందుల దుకాణములో ఏదో మాత్ర కొని మ్రింగింతురు. నెలల తరబడి మరల మరల వచ్చు నొప్పిని ఇట్లు విచారింపక త్రోసివేయుట బిడ్డకు అన్యాయము చేయుటయే యని మా అభిప్రాయము.

పిల్లలకు తరచు వచ్చు కడుపునొప్పులలో పెక్కింటికి లోపల వాపుగాని పుండుగాని కానరాదు. అయినను ఆ నొప్పి నిజమైనదే. కొందరిలో మాత్రము జీర్ణాశయపు లోపొర దీర్ఘకాలము వాచియుండును. దీనికి కారమే మూలమని మనలో చాలమంది తలంతురు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను వైద్యులు హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవిని వేరుపరచి, ఈ వాపునకు అది ముఖ్యకారణమని చూపిరి. ఇందుకు 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ఈ క్రిమి సాధారణముగా బాల్యముననే, తరచుగా ఇంటివారినుండియే సోకును. సోకిన పిల్లలలో అధికసంఖ్యాకులకు ఏ బాధయు నుండదు గనుక భయపడనక్కరలేదు. వైద్యుని సలహా లేక తరచు వాడు నొప్పిమాత్రలును ఈ పొరకు హాని చేయగలవు.

అయితే కొన్ని గుర్తులను ఉపేక్షింపరాదు. నిద్రనుండి లేపునట్టి నొప్పి, ఆగని వాంతులు, బరువు తగ్గుట, ఎదుగుదల కుంటుపడుట, ముఖము పాలిపోవుట కనబడినచో వైద్యునికి చూపవలెను. వాంతిలో రక్తము పడినను, మలము తారువలె నల్లనైనను ఆనాడే ఆసుపత్రికి కొనిపోవలెను. కొద్దికొద్దిగా రక్తము పోవుచుండిన బిడ్డ రక్తహీనుడై చదువునందును ఆటలందును వెనుకబడును. సోమరియని నిందయు మోయును.

అవసరమని తోచినచో వైద్యుడు ఎండోస్కోపు అను సన్నని గొట్టముతో జీర్ణాశయమును పరీక్షించును. క్రిమిని తొలగింప నిశ్చయించినచో, ఆమ్లమును తగ్గించు మందుతోపాటు కనీసము రెండు యాంటిబయాటిక్ మందులను సాధారణముగా 14 దినములు వాడుదురు. నొప్పి తగ్గినదని నడుమ మానరాదు. మానినచో క్రిమి ఆ మందులకు లొంగకపోవచ్చును.

భోజనమునకు ముందును, మలవిసర్జన పిదపను సబ్బుతో చేతులు కడుగుకొనుట, శుభ్రమైన నీరు త్రాగుట ఇంటిల్లిపాదికి అలవాటు కావలెను. నొప్పి ఎప్పుడు, ఎచ్చట, ఏమి తిన్న పిదప వచ్చుచున్నదో బిడ్డనడిగి వ్రాసియుంచుడు. వైద్యునికి ఆ కాగితము మిక్కిలి తోడ్పడును. తన మాట నమ్ము పెద్దలున్నారని బిడ్డకును ధైర్యము కలుగును.