ఆరు టైర్లా, నాలుగు టైర్లా: మనమే అడగాలి

బండి కొనేటప్పుడు తాకట్టుకు వెళ్ళేవి మన గాజులు. ఏ బండి కొనాలో మాత్రం టీ కొట్టు దగ్గర తేలిపోతుంది. "బండ్ల సంగతి మీకేం తెలుసు?" అంటారు. బియ్యం బస్తా ఎన్నాళ్ళొస్తుందో లెక్కేసేవాళ్ళకి బండి బరువు లెక్క తెలియదా?

వెనక ఒక్కో వైపు ఒక్క చక్రం ఉంటే నాలుగు టైర్ల బండి, జంట చక్రాలుంటే ఆరు టైర్లది. మా వాడరేవులో చేపల పెట్టెలు వేసుకుని చీరాల వెళ్ళొచ్చేవాళ్ళకి నాలుగు టైర్లు చాలు. ఆరు టైర్లదైతే రెండు టైర్ల ఖర్చు ఎక్కువ, లోపలి టైరులో గాలి చూడటం కష్టం, జంట మధ్య రాళ్ళు ఇరుక్కుంటాయి. ఇవన్నీ నిజమే, నేను కాదనను.

కానీ మిరప కోతలు రాగానే ఆ చిన్న బండే గుంటూరు యార్డుకి బయల్దేరుతుంది. నా తగాదా అక్కడే. టిక్కీ 40 కిలోలే అనుకున్నా 60 టిక్కీలంటే 2,400 కిలోలు. టన్నున్నర మోసే బండి మీద అంత వేస్తారా! అడిగితే "కమాను పట్టీలు ఇంకో రెండు వేయించాంలే" అంటారు. పట్టీలు వేస్తే బండి వెనక కుంగదేమో గానీ టైరు బలం పెరగదు, బ్రేకు బలం పెరగదు. ఒక్క టైరే ఉన్న వైపు అది పేలితే ఆసరాకి ఇంకోటి లేదు. జంటలో ఒకటి పోయినా, బండి పక్కకి ఆపుకునేదాకా రెండోది ఆదుకునే వీలుంది. అలాగని ఆరు టైర్ల బండినీ నెత్తిదాకా నింపితే ఆ రెండోదీ మిగలదు.

కోతల రోజుల్లో కూలికెళ్ళే ఆడవాళ్ళని నిలబెట్టి తీసుకెళ్ళేది కూడా ఇలాంటి సరుకు బండ్లలోనే అని మర్చిపోకండి.

"ఏడాదికి రెండు నెలలే కదా" అంటారా? ఆ రెండు నెలలూ పెద్ద బండి కిరాయికి తెచ్చుకోండి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. టైర్ల దగ్గర మిగిలిందనుకున్నది అక్కడ పోతుంది. అది డబ్బు, మళ్ళీ సంపాదించుకోవచ్చు. మనిషి పోతే?

ఆర్‌సీలో ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి ఉండాల్సిన మొత్తం బరువు రెండూ రాసుంటాయి. మొత్తంలోంచి ఖాళీ బరువు తీసేయండి. మిగిలింది, మీవాళ్ళు ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ సరుకు వేసే రోజుకి సరిపోతుందా అని అడగండి. సూటిగా జవాబు వచ్చేదాకా గాజులు తీయకండి.