ఒకే ఏడాది అతివృష్టి, అనావృష్టి

బడిలో ఉన్నన్నాళ్ళూ ఈతిబాధలు ఆరని పిల్లలచేత వల్లె వేయించాను. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగు రాజులు. చిలుకల దగ్గరికి వచ్చేసరికి తరగతి అంతా నవ్వేది. మొదటి రెంటినీ మాత్రం వ్యతిరేక పదాలుగా, ఒకటున్న చోట రెండవది ఉండదన్నట్టుగా చెప్పాను. వ్యాకరణరీత్యా అది ఒప్పే. కర్నూలు విషయంలో కాదు.

2009లో దేశం మొత్తం మీద నైరుతి వర్షాలు సగటుకన్నా 22 శాతం తక్కువ. 1972 తర్వాత అంతటి లోటు లేదు. రాయలసీమ రైతు వేసవినుంచీ మబ్బుకేసి చూస్తూనే ఉన్నాడు. ఋతువు ముగిసిపోయిందనుకున్న సెప్టెంబరు చివర బంగాళాఖాతపు అల్పపీడనం ఉత్తర కర్ణాటక మీద, కర్నూలు, పాలమూరు జిల్లాల మీద విరుచుకుపడింది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. మంత్రాలయం మునిగింది. 19 లక్షల క్యూసెక్కుల వరదను ఊహించి కట్టిన శ్రీశైలానికి సుమారు 25 లక్షలు వచ్చిపడ్డాయి. 885 అడుగుల నిండుమట్టాన్ని దాటి నీరు 896 అడుగులకు చేరింది. ఆనకట్ట నిలబడింది కనుకనే ఈనాడు మనం దీన్ని గురించి ఇంత నింపాదిగా ముచ్చటించుకోగలుగుతున్నాం.

క్యూసెక్కుల లెక్క చెబితే మా కోనసీమవాళ్ళు చప్పరించేస్తారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలోనూ 25 లక్షల పైమాటే. గట్లు తెగి, కొబ్బరితోటలు మునిగి మేమూ ఏడ్చినవాళ్ళమే. కానీ మాకు వరద చెప్పి వచ్చే చుట్టం. ముందు ఎర్రనీరు కనబడుతుంది. తర్వాత భద్రాచలం కబురు: 43 అడుగులు, 48, 53. ఆ నీరు మా దాకా రావడానికి దాదాపు ఒక రోజు. ఆపైన ధవళేశ్వరం హెచ్చరికలు. రెండవ హెచ్చరిక వినబడిందంటే లంకల్లోవాళ్ళు గొడ్లను ఏటిగట్టు మీదికి తోలుకొస్తారు. అమలాపురంలో ఎండ కాస్తూండగానే గోదావరి పోటెత్తుతుంది; వాన పడింది ఇంద్రావతి మీదనో, శబరి మీదనో. అందుచేత ఏటి సంగతి ఆకాశాన్ని అడగకూడదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఏడాదిలో చాలా నెలలు ఇసుకగా కనిపించే హంద్రీ ఒడ్డున ఈ విద్య ఎవరు నేర్పుతారు? సీమ జ్ఞాపకంలో ఉన్నది 1876–78 నాటి ధాత కరువు. అవ్వలు మనుమలకు కరువు కథలు చెప్పారు గాని వరద కథలు చెప్పలేదు.

నా అభిప్రాయంలో, 2009 నాటి వరదను పెంచినవాటిలో కరువు కూడా ఒకటి. వరద వచ్చేనాటికే శ్రీశైలం నిండుమట్టానికి కొద్ది అడుగుల దూరంలో ఉందన్నది తర్వాత వినవచ్చిన ప్రధాన విమర్శ. న్యాయమైన విమర్శే. అయితే మూడు నెలలు వాన ముఖం చూడని నేలలో, ఋతువు చివర, దొరికిన నీటిని కిందికి వదిలేయమని ఆజ్ఞాపించే గుండె ఎవరికుంటుంది? కడుపు మాడినవాడు గంజికుండ వంచుతాడా? వదిలాక వాన రాకపోతే ఆ ఇంజనీరును మనమే శాపనార్థాలు పెట్టేవాళ్ళం. కాబట్టి ఆ నిర్ణయాన్ని ఆ రాత్రి ఒక మనిషి ధైర్యానికి వదలకూడదు. ఏ తేదీకి ఎంత ఖాళీ ఉంచాలో, సూచన ఎంత బలంగా ఉంటే గేట్లు ఎత్తాలో ముందే రాసి, ఊరూరా చాటాలి. సూచన తప్పి నీరు వృథా అయితే ఆయకట్టు రైతుకు ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వాలి. ఈ చివరి మాట లేకపోతే మొదటిది కాగితం మీదనే ఉంటుంది.

ఇది ఒక్క ఏటి ముచ్చట కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదని శాస్త్రజ్ఞులు చెబుతారు. మోసినదాన్ని అంతా ఒక్కచోట దింపితే ఏమవుతుందో 2021 నవంబరు 19న కడప జిల్లాలో చూశాం. చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయింది. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్రమంత్రి రాజ్యసభలో చెప్పారు. ఎండు ఏటికి గేటు ఎందుకులే అన్న ఉదాసీనత కాదూ అది? 2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నా నగరం ఎగువన, ఎండిన వాగు మీది రెండు ఆనకట్టలు తెగి వేలమంది పోయారు.

పొరుగు రాజులను కూడా ఈతిబాధల్లో చేర్చిన పెద్దలు గట్టివాళ్ళే. బచావత్ ట్రిబ్యునల్ నాటినుంచీ కృష్ణానీటిలో వాటా కోసం రాష్ట్రాలు పోట్లాడుకుంటూనే ఉన్నాయి. వరదలో వాటా అడిగిన రాజు మాత్రం లేడు.

కర్నూలు మిత్రులకు ఒక విన్నపం. మునిగిన ప్రతి వీధిలోనూ, ప్రతి బడిగోడ మీదా, నీరు నిలిచిన ఎత్తున ఒక రాతిపలక పొదిగించండి. రంగుతో గీత గీస్తే వచ్చే పండక్కి సున్నం కింద పోతుంది. పలక మీద నాయకుల పేర్లు అక్కరలేదు. తేదీ, ఎత్తు ఉంటే చాలు.