తామరాకు నిర్లిప్తత, సిమెంటు నిర్లిప్తత



జలబిందువు ఒక్కటే, అది పడిన స్థానాన్ని బట్టి దాని గతి మారుతుంది. భర్తృహరి నీతిశతకంలో ఈ సంగతినే ప్రస్తావించి, కాలిన ఇనుము, తామరాకు, ముత్యపుచిప్ప అనే మూడు ఆశ్రయాలలో నీటికి కలిగే మూడు గతులను చూపాడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యం ఒకప్పుడు తెలుగునాట బడిపిల్లలకు సైతం కంఠస్థం. అక్కడ బిందువు పురుషుడు, ఆకు సహవాసం. భజగోవిందంలో ఆకుపై చలించే బిందువు జీవితం. భగవద్గీత ఐదవ అధ్యాయం పదవ శ్లోకంలోనో, ఆకే సాధకుడు, నీరు పాపం. ఉపమానం ఒకటే గాని ఉపమేయాలు మూడు. ప్రవచనాలలో ఈ మూడింటినీ కలగలిపి "ఏదీ అంటించుకోకుండా తామరాకువలె ఉండండి" అనే ఒక్క మాటగా కుదించడం పరిపాటి అయింది.

ఈ మాట వలన కలుగుతున్న అనర్థం స్వల్పం కాదు. వృద్ధులైన తల్లిదండ్రుల వైద్యభారాన్ని తమ్మునిపై విడిచి, తనకు మమకారం లేదని చెప్పుకొనే జ్యేష్ఠుడూ, వీధిలో నీరు నిలిచినప్పుడు తలుపు మూసుకొని జపానికి కూర్చునే గృహస్థుడూ తామరాకునే సాక్ష్యానికి పిలుస్తారు. వారు ఆ ఆకును శ్రద్ధగా చూచి ఉండరు. గీతాశ్లోకంలో కర్మ చేసేవాని ప్రస్తావనే ఉన్నది, మానినవాని ప్రసక్తి లేదు.

తామర దొరకకపోతే పెరటిలోని చేమాకు చాలు. నీరు చిలికితే బిందువులు గుండ్రంగా నిలిచి, ఆకు వంచగానే దొర్లిపోతాయి. ఆకు అతి నునుపు కాబట్టి ఇలా జరుగుతుందని అనుకోవడం పొరపాటు. సూక్ష్మదర్శినిలో చూస్తే దాని ఉపరితలమంతా బొడిపెలు, వాటిపై మైనపు పొర. బొడిపెల నడుమ గాలి నిలుస్తుంది. బిందువు కొనలను మాత్రమే తాకుతూ, తన తలతన్యతచేత తానే గోళాకృతి పొందుతుంది. బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనే జర్మను వృక్షశాస్త్రజ్ఞులు 1997లో దీనిని సవిస్తరంగా ప్రకటించారు. వారు చూపిన విశేషం మరొకటి ఉన్నది: దొర్లే బిందువు ఆకుపై ధూళిని తనతో తీసుకొనిపోతుంది. అనగా నీరు తాకనంతకాలం ఆకుపై దుమ్ము దుమ్ముగానే ఉంటుంది. స్పర్శయే దానికి శుద్ధిహేతువు. అయితే అదే ఆకుపై సబ్బునీరు పోస్తే ముత్యం చెదరి ఆకు తడుస్తుంది. పొగడ్త కూడ అటువంటి ద్రవ్యమే. ఎందరి వైరాగ్యమో దానికి లొంగిపోయింది.

అర్చకులకు మరొక నిత్యానుభవం ఉన్నది. చక్కగా కడిగిన శిలావిగ్రహంపై నీరు పలుచని పొరగా పరచుకొంటుంది. తైలాభిషేకం జరిగిన పిమ్మట అదే శిలపై అదే నీరు బిందువులై జారుతుంది. శీకాయతో రుద్దగానే ఆ తైలగుణం పోతుంది. ఆకు మైనమో, ఆకే లోపలినుండి పుట్టించుకొన్నది. ప్రవచనం విన్న సాయంకాలం కలిగి మరునాటికి జారిపోయే విరక్తి తైలపుపూత వంటిది.

కాలిన ఇనుము సంగతి వంటింటి పెనం చెబుతుంది. ఓ మోస్తరు వేడిలో నీటిచుక్క చుయ్యిమని ఆవిరవుతుంది. వేడి మరీ హెచ్చితే తన ఆవిరిపైనే తేలుతూ కొంతసేపు పరుగులు పెడుతుంది. లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో దీనిని గ్రంథస్థం చేశాడు. ఇంతమాత్రాన భర్తృహరికి కలిగిన లోపం లేదు. చుక్క చివరకు మిగలదు.

ఇక ఆ కవి చెప్పని నాల్గవ ఆశ్రయం ఒకటి నేడు ముషీరాబాదు, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధులనిండా ఉన్నది. అది సిమెంటు. 2000 ఆగస్టులో ఒక్క దినంలో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి, హుస్సేన్‌సాగర్ మిగులునీటి నాలా పొంగినప్పుడు అశోక్‌నగర్, దోమలగూడ ఇళ్లలోకి నీరు చేరింది. అంత వానను మట్టి మొత్తంగా ఇముడ్చుకొనేదని కాదు. నాలా ఇరుకు కావడమూ కారణమే. కాని మట్టి తన శక్తికొలది పుచ్చుకొంటుంది. సిమెంటు తాను తడుస్తుంది, కింది భూమిని తడవనీయదు, వచ్చినదంతా పల్లంలో ఉన్నవాని గుమ్మానికి తోస్తుంది. దానికీ ఏదీ అంటినట్లు కనబడదు. వాకిలి గంటలో ఆరి శుభ్రంగా ఉంటుంది. తలుపు మూసుకొన్న గృహస్థుని నిర్లిప్తత ఈ కోవకు చెందినదే గాని తామరాకుది కాదు.

శ్రావణంలో వరలక్ష్మీవ్రతానికి బేరమాడి తామరపూలు కొనేవారి వాకిళ్లలోనైనా గజం మట్టి విడిచి, ఒక ఇంకుడుగుంత తవ్వించడం కష్టసాధ్యమేమీ కాదు. బోరుబావికి ముహూర్తం అడగడానికి ఆలయాలకు వచ్చేవారికి కొదవ లేదు. ఇంకుడుగుంతకు అడిగేవారే అరుదు.