బొమ్మలు గీసేవాడికీ దారి చూపుదాం

ఏటా పదో తరగతి పరీక్షల ముందు హాస్టళ్లలో పెద్దలు వచ్చి భవిష్యత్తు గురించి చెబుతారు. ఎంపీసీ అయితే ఇంజనీరింగ్, బైపీసీ అయితే మెడిసిన్ లేదా నర్సింగ్, కుదరకపోతే పాలిటెక్నిక్, ఐటీఐ, ఆ తర్వాత డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్. అవన్నీ మంచి దారులే. ఆ దారుల్లో నడిచిన మన అన్నలు తమ ఇళ్లను నిలబెట్టారు. కానీ ఆ జాబితాలో బొమ్మ గీసేవాడు లేడు, పాట కట్టేవాడు లేడు, ఫొటో తీసేవాడు లేడు. వాళ్లకు దక్కేది "బాగా గీశావురా" అనే మెచ్చుకోలు, వార్షికోత్సవం నాడు ఒక స్టీలు గ్లాసు.

సృజన రంగాల్లోని ఉద్యోగాల గురించి కూడా హాస్టల్ పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచే చెప్పాలని మేము కోరుతున్నాం. చదువు ఎక్కడ, పరీక్ష ఏది, ఖర్చెంత, సంపాదన ఎంత అనే వివరాలతో చెప్పాలి.

ఈ రంగం అనగానే చాలామందికి సినిమా హీరో గుర్తుకొస్తాడు. మన నల్లపాడు నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా ఒకసారి గమనిస్తూ వెళ్లండి. పత్తి విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మ, కారం ప్యాకెట్ మీద పేరు, పురుగుమందు డబ్బా మీద గుర్తు, కూడలిలో ఫ్లెక్సీ, చేతిలో శుభలేఖ, అన్నీ ఎవరో ఒకరు కూర్చుని రూపమిచ్చినవే. ఫోన్లో చదువుకునే తెలుగు అక్షరాలను కూడా ఒక మనిషి గీయాల్సిందే. మండలి, మల్లన్న, గురజాడ వంటి ఫాంట్లు అలా తయారై ఉచితంగా అందరికీ అందాయి. సినిమాలోనూ తెర మీద కనిపించేవారి కంటే తెర వెనుక పనిచేసేవారే ఎక్కువ. 1957లో వచ్చిన 'మాయాబజార్' కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే మన గుంటూరు జిల్లావారే.

మన వాళ్లకు ఇవి అందని పనులని అనుకోవద్దు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువాను మనం మహాకవిగానే ఎరుగుదుం. ఆయన బతుకుతెరువుకు చేసిన పనులు చూడండి. మూకీ సినిమాల కాలంలో, 1915-16 ప్రాంతంలో, రాజమండ్రిలో తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన కథనూ సంభాషణలనూ చదివే వాచకుడిగా పనిచేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉపాధ్యాయుడు. 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమాల ప్రొడ్యూసర్. అంటే సినిమా, రేడియో అనే రెండు కొత్త రంగాల్లో జీతానికి పనిచేసిన మనిషి ఆయన. ఆయన విగ్రహానికి దండ వేసే పిల్లలకు ఈ సంగతి కూడా తెలియాలి. మనకు దగ్గరలోని పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథతో ఊరూరూ తిరిగి 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

అయితే మన తల్లిదండ్రులు "బొమ్మలు కూడు పెడతాయా?" అని అడుగుతారు. అది తెలియక అడిగే ప్రశ్న కాదు. మన పేటల్లో కళ అంటే చాలాకాలం వెట్టి. పెళ్లికి, చావుకు, జాతరకు డప్పు కొట్టాలి. పెట్టింది తీసుకోవాలి, అడగకూడదు. కొడుకు ఆ డప్పు మోయకూడదనే తండ్రి వాణ్ని హాస్టల్లో చేర్చాడు. అలాంటి తండ్రి దగ్గరకు వెళ్లి "మీవాడిలో గొప్ప కళ ఉంది" అంటే ఆయన భయపడటం న్యాయమే. ఆయనకు చెప్పాల్సింది కళ గురించి కాదు, కూలి గురించి. ఇది డిగ్రీ ఉన్న చదువు, నెల జీతమున్న ఉద్యోగం, పనికి ముందే రేటు మాట్లాడుకునే వృత్తి అని రుజువులతో చూపించాలి. మన ఇళ్లలో కళకు లోటు ఎన్నడూ లేదు. దానికి తగిన ప్రతిఫలమే లేదు.

ఆ రుజువుల్లో ఒకటి మనకు గంట ప్రయాణంలోనే ఉంది. జాతీయ డిజైన్ సంస్థ, అంటే ఎన్ఐడీ, ఆంధ్రప్రదేశ్ శాఖ 2015లో నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మొదలైంది. దాని సొంత ప్రాంగణం అమరావతిలోని శాఖమూరులో ఉంది. 2019లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇంటర్ ఏ గ్రూపు చదివినా నాలుగేళ్ల బీ.డిజైన్ కోర్సుకు పరీక్ష రాయవచ్చు. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. ప్రవేశ పరీక్షలో ఎంసెట్ లెక్కలు ఉండవు. చూసే కన్ను, ఆలోచన, గీసే చేయి పరీక్షిస్తారు. అయితే వయోపరిమితి ఉంది. ఆ వయసు దాటాక తెలిస్తే లాభం లేదు. అందుకే ముందే చెప్పాలంటున్నాం.

ఇంకా దారులున్నాయి. విశాఖ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలిత కళల విభాగం ఉంది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. పది పాసైన వారికి ఐటీఐ ట్రేడుల్లో డీటీపీ ఆపరేటర్, మల్టీమీడియా యానిమేషన్ వంటివి ఉన్నాయి. ఏ ఐటీఐలో ఏ ట్రేడు ఉందో కనుక్కోవాలి. ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు బడిలో ఉండగానే మొదలుపెట్టవచ్చు.

చేదు నిజాలు కూడా చెప్పాలి. డిజైన్ చదువుకు ఫీజు లక్షల్లో ఉంటుంది. ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వచ్చిన ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో, ఆదాయ పరిమితి ఎంతో ముందే చూసుకోవాలి. "ఆరు నెలల్లో యానిమేటర్, ఉద్యోగం గ్యారంటీ" అనే ప్రకటన చూసి అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టొద్దు. సొంతంగా పనులు చేసుకునేవారికి ఒక నెల వచ్చిన డబ్బు మరో నెల రాదు. పైగా ఇప్పుడు మాట చెబితే బొమ్మ గీసిపెట్టే కంప్యూటర్లు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కడం ఒక్కటే నేర్చినవాడికి పని తగ్గుతుంది. పెన్సిల్‌తో గీయగలిగి, తెలుగు తప్పుల్లేకుండా రాయగలిగి, ఎదుటివాడి అవసరం తెలుసుకోగలిగినవాడు నిలబడతాడు. అందుకే ఇంటర్, డిగ్రీ మానుకుని ఎవరూ ఇటు పరుగెత్తవద్దని మా మనవి.

మేము పెద్దగా ఏమీ అడగడం లేదు. డ్రాయింగ్ వచ్చిన మాస్టారు వారానికి ఒక గంట హాస్టల్‌కు రావాలి. లోయర్ గ్రేడు పరీక్ష రాసే పిల్లలకు ఫీజు కట్టేవారు కావాలి. తొమ్మిదో తరగతి పిల్లల్ని, మన హాస్టల్ వారినే కాక బాలికల హాస్టల్ వారిని కూడా, ఏడాదికోసారి శాఖమూరు తీసుకెళ్లి చూపించాలి. ప్రవేశ పరీక్షల తేదీలు నోటీసు బోర్డు మీద ఉండాలి. పిల్లలు గీసినవి చెత్తబుట్టలో పడకుండా ఒక్కొక్కరికీ ఒక ఫైలు ఉండాలి. రేపు ఏ కళాశాలకు వెళ్లినా "నీ పనులు చూపించు" అనే అడుగుతారు.

పూర్వ విద్యార్థులైన అన్నలారా, మీలో డీటీపీ సెంటర్ నడిపేవారు ఉండవచ్చు, పెళ్లిళ్లకు వీడియోలు తీసేవారు, పత్రికల్లో, టీవీల్లో పనిచేసేవారు ఉండవచ్చు. ఒక్క ఆదివారం వచ్చి మీ పని గురించి, వచ్చే డబ్బు గురించి, పడ్డ ఇబ్బందుల గురించి దాచకుండా చెప్పండి. మీ సహాయం చందాల రూపంలోనే ఉండనక్కర్లేదు.

ఏప్రిల్ 14న బాబాసాహెబ్ బొమ్మను ఎవరి సాయం లేకుండా గోడ మీద గీసే పిల్లలు ప్రతి హాస్టల్లో ఉన్నారు. వాళ్లందరూ చిత్రకారులు కావాలని మేము అనడం లేదు. కావాలనుకున్నవాడికి దారి తెలియక ఆగిపోకూడదు, అంతే.