‘తప్పయింది’ అంటే నేరం ఒప్పుకున్నట్టేనా?

గోదావరిఖని చౌరస్తాలో ఎవరైనా ‘వానికి చార్జిషీటొచ్చింది’ అంటే వినేవాళ్లు మొదట అడిగేది ‘ఠాణా నుంచా, బాయి మీదనా?’ అని. పేరు ఒకటే గాని నడక వేరు. పోలీసులు దర్యాప్తు ముగించి కోర్టులో వేసేది ఒక చార్జిషీటు. విచారణ మొదలుకాకముందే గని అధికారి సంతకంతో కార్మికుడి చేతికొచ్చేది ఇంకొకటి. మొదటిదాంట్లో వకీలు ఉంటాడు, జడ్జి ఉంటాడు, పేదవాడైతే సర్కారు ఖర్చుతో న్యాయసాయం ఉంటుంది. రెండోదానికి యూనియన్ పిట్ కార్యదర్శి దొరికితే దొరికినట్టు. అయినా బొగ్గుబాయి కుటుంబాలు ఎక్కువ వణికేది ఈ రెండోదానికే. దాని చివర జైలు ఉండదు, కొలువు పోవడం ఉంటుంది.

నేరం, శిక్షల గురించి మాట్లాడుకునే మాటలు ఈ నేల మీదికి ఎన్నో దారుల్లో వచ్చాయి. నిజాం రాజ్యంలో కోర్టు భాష ఉర్దూ. వకీలు, ముద్దాయి, ఫిర్యాదు, జమానతు, జుర్మానా, పంచనామా లాంటి మాటలు కరీంనగర్ పల్లెల్లో ఇంటి మాటలైపోయాయి. 1960ల మొదట్లో రామగుండం ప్రాంతంలో గనులు తెరిచినప్పుడు ఆ పల్లెల మనుషులే వాటిలోకి దిగారు. దిగాక ఇంకో పొర చేరింది: మస్టర్, సస్పెన్షన్, షోకాజ్, ఎంక్వైరీ, డిస్మిస్. అక్షరం ముక్క రాని, బొగ్గు నింపే కోల్‌ఫిల్లర్ కూడా ఈ మాటలను తడబడకుండా పలికాడు, ఎందుకంటే అవి అతని బువ్వతో ముడిపడిన మాటలు. ఇంగ్లిషు మాటల మీద మాకు పేచీ లేదు. బెయిల్‌ను అందరం బెయిల్ అనే అంటాం, అనువదించి చెబితే ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. మా పేచీ అంతా కార్మికుడు నోటితో చెప్పిన తెలుగు మాట ఇంగ్లిషు ఫైలులోకి ఎక్కేటప్పుడు దానికి ఏమవుతుందన్న చోట ఉంది. ముఖ్యంగా ‘తప్పు’ అనే మాటకు.

పల్లెలో చేసిన పొరపాటూ తప్పే, దానికి కట్టే జరిమానా కూడా తప్పే. పంచాయతీలో పెద్దమనుషులు తప్పు వేస్తారు, ఆ మనిషి తప్పు కడతాడు, అక్కడితో తగాదా తెగిపోతుంది. పెద్దల ముందు ‘తప్పయింది’ అనడంలో నేరాంగీకారం కంటే మర్యాద పాలు ఎక్కువ. నా వల్ల మీకు కష్టమైంది, మాట పెంచకండి అని అర్థం. తన తప్పు పిసరంత లేకపోయినా ఇంట్లో శాంతి కోసం ఆ మాట అనేసినవాళ్లు మనలో ఎంతమంది లేరు!

ఆ అలవాటుతోనే మనిషి ఎంక్వైరీ గదిలోకి వెళ్తాడు. సింగరేణి బొగ్గు కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే కొలువు నియమాల్లో, 25.25 అనే క్లాజు గురించి బొగ్గుగనుల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తగిన కారణం లేకుండా అలవాటుగా డ్యూటీకి రాకపోవడం, అలవాటుగా ఆలస్యంగా రావడం దాని కింద దుష్ప్రవర్తన. ఇలాంటి విచారణలో మాటల తీరు ఎట్లా ఉంటుందో చూడండి. ‘ఏమయ్యా, ఇన్ని నాగాలెందుకైనయి?’ అని అధికారి అడుగుతాడు. ‘పాణం బాగలేకుండె సార్. ఇంట్ల గూడ తిప్పలైనయి. తప్పయింది, ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యుండ్రి’ అంటాడు కార్మికుడు. ఈ జవాబులో మూడు సంగతులున్నాయి: జబ్బు ఒకటి, ఇంటి కష్టం ఒకటి, క్షమాపణ ఒకటి. మొదటి రెండూ క్లాజు అడుగుతున్న ‘తగిన కారణం’ కిందికి వచ్చేవే. ఆస్పత్రి చీటీ ఏదని, ఏ రోజుల్లో జబ్బు చేసిందని అడగాల్సింది అక్కడే. కానీ కాగితం మీదికి మూడోది మాత్రమే ఎక్కి, ‘కార్మికుడు ఆరోపణను అంగీకరించాడు’ అని ఒక్క వాక్యమైతే ఇక సాక్షులతో పని లేదు, కారణంతో పని లేదు. కింద సంతకమో వేలిముద్రో పడుతుంది. ఊళ్లో తగాదాను ముగించే మాట ఇక్కడ శిక్షకు మొదటి మెట్టవుతుంది.

నాగాలను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. షిఫ్టులో మనిషి తగ్గితే ఆ బరువు పక్కవాడి మీద పడుతుంది, భూమి లోపల అది ప్రాణాల మీదికే రావచ్చు. క్రమశిక్షణ ఉండాల్సిందే. కానీ తాగుడుకు బానిసై మానేసినవాడికీ, వెన్నుపూస అరిగి లేవలేక మానేసినవాడికీ మధ్య తేడా తెలిసేది కార్మికుడు తన నోటితో చెప్పిన మాటల్లోనే. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద మిగలకపోతే ఇద్దరికీ ఒకే శిక్ష పడుతుంది.

న్యాయస్థానాలకు ఈ సంగతి కొత్త కాదు. ఉద్యోగి ఇచ్చిన వాంగ్మూలం స్పష్టమైన నేరాంగీకారం కానప్పుడు పద్ధతి ప్రకారం విచారణ జరపకపోవడం తీవ్రమైన లోపమని జగదీశ్ ప్రసాద్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. ఆ మరుసటి ఏడు వచ్చిన హరికిషన్ కేసు ఇంకా సూటిగా ఉంటుంది. నాగ్‌పూర్‌లో నిర్బంధంలో పెట్టిన ఆ మనిషికి నిర్బంధ కారణాలను ఇంగ్లిషులో రాసిచ్చారు. తనకు ఇంగ్లిషు రాదని, హిందీలో ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. నోటిమాటగా వివరించాం కదా అని ప్రభుత్వం వాదించింది. అది చాలదని, అతనికి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వకపోతే కారణాలు తెలియజేసినట్టే కాదని కోర్టు అతన్ని విడిచిపెట్టింది. ఫ్యాక్టరీలు, గనుల స్టాండింగ్ ఆర్డర్లకు 2025 దాకా ఆధారంగా ఉన్న 1946 నాటి చట్టం కూడా వాటిని ఇంగ్లిషులోనూ, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలని చెప్పింది. నియమం మన భాషలో ఉండాలన్నది ఎప్పుడో ఒప్పుకున్న సంగతే. నియమం తప్పావని చేసే విచారణ, ఆపై వచ్చే తీర్పు మాటేమిటి?

డిస్మిస్ అంటే ఏమిటో బొగ్గుబాయి కుటుంబానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జీతం ఆగుతుంది, క్వార్టర్ ఖాళీ చేయాలి, కంపెనీ ఆస్పత్రి దూరమవుతుంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. కార్మికుడు రోల్స్‌లో ఉండగా చనిపోయినా, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసినా కుటుంబంలో ఒకరికి కొలువు అడిగే దారి ఉంటుంది. డిస్మిస్ అయితే ఆ దారీ మూసుకుపోతుంది. అంటే శిక్ష కొడుకు మీద కూడా పడుతుంది. మిగిలేది గోదావరిఖనిలోని లేబర్ కోర్టు. శిక్ష మరీ ఎక్కువైందనిపిస్తే తగ్గించే అధికారాన్ని పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11ఎ సెక్షన్ ఆ కోర్టుకు ఇచ్చింది. అక్కడ గెలిచినా కంపెనీ హైకోర్టుకు వెళ్తే, రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం అక్కడ మామూలుగా ఇంగ్లిషే నడుస్తుంది. తన బతుకు గురించి రాసిన తీర్పును మనిషి వకీలు నోటితో వినాలి.

మాటల బరువు గురించే ఇంకో సంగతి చెప్పాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. అప్పుడు అమల్లో ఉన్న 1952 గనుల చట్టంలో 72సి సెక్షన్ ఉండేది. నిబంధన ఉల్లంఘించినందువల్ల ప్రాణం పోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. ప్రాణానికి ఐదు వేలు! నాగా పెట్టినవాడిది చట్టం భాషలో దుష్ప్రవర్తన. ప్రాణం తీసే నిర్లక్ష్యానిది ఉల్లంఘన. మొదటి మాటకు జీవితకాలపు కొలువు పోతుంది. రెండో మాటకు ఆ చట్టం కింద ఐదు వేలు కట్టి ఇంటికి పోయే వీలుండేది. బొగ్గుబాయి కథలు రాసిన అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ లాంటివాళ్లు కార్మికుడి మాటను కార్మికుడి నోట విన్నట్టే రాశారు. సాహిత్యం చేసిన ఆ పని ఫైలు ఇంకా చేయలేదు.

చేయలేనిదేమీ కాదు. 2023 జూన్ 27న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చారు. న్యాయశాస్త్రపు మాటలకు తెలుగు చాలదన్న వాదన ఆ రోజుతో పోవాల్సింది. 2024 జులై 1 నుంచి దేశమంతా పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. పోలీసులు, వకీళ్లు సెక్షన్ల నంబర్లన్నీ మళ్లీ నేర్చుకున్నారు. ఎప్పటినుంచో మోసగాడికి మారుపేరుగా ఉన్న ఫోర్ ట్వంటీ కూడా ఇప్పుడు 318లోకి వెళ్లింది. ఇన్ని మార్చుకోగలిగినప్పుడు ఎంక్వైరీ కాగితం భాష మార్చుకోవడం కష్టమేమీ కాదు.

మేము అడుగుతున్నది కొద్దే. ఆరోపణ తెలుగులో, పొట్టి వాక్యాల్లో ఉండాలి. ‘తప్పయింది’ అన్న మాటను నేరాంగీకారంగా రాసుకోకూడదు. ‘ఈ ఆరోపణ నిజమని ఒప్పుకుంటున్నారా? ఒప్పుకుంటే కొలువు పోవచ్చు, తెలుసా?’ అని విడిగా అడగాలి. కార్మికుడి జవాబు అతని మాటల్లోనే రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. లేబర్ కోర్టు అవార్డుతో, అంటే తీర్పుతో, పాటు దాని తెలుగు ప్రతి కూడా చేతికివ్వాలి. 2023 డిసెంబరు 27 నాటి సింగరేణి ఎన్నికల్లో గుర్తింపు సంఘంగా గెలిచిన ఏఐటీయూసీతో పాటు అన్ని సంఘాలూ ఈ మాటను యాజమాన్యం ముందు పెట్టాలి.

రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో పాత చార్జిషీట్లు, ఎంక్వైరీ కాగితాలు ఉంటే వాటి నకళ్లు మాకు పంపండి. పేర్లు, నంబర్లు తీసేసి, వాటిలోని మాటలకు మీరు వాడే తెలుగు మాటలతో ఒక చిన్న పదకోశం వేయాలని ఉంది. లేబర్ కోర్టులో పనిచేసే వకీళ్లు, రిటైరైన ఓవర్‌మెన్లు, పిట్ కార్యదర్శులు దాన్ని సరిచూసి ఇవ్వాలి.