నగరంలో వెలివాడ – 7: కాలనీ సంక్షేమ సంఘానికి మనం పౌరులమా, పనివాళ్ళమా?



పోయిన భాగంలో కిరాయి ఇళ్ళ గురించి రాశాను. "ఇల్లు ఇవ్వనన్నది ఓనరు. మధ్యలో కాలనీ సంఘాన్ని ఎందుకు లాగుతున్నావు? పాపం వాళ్ళు సొంత టైం పెట్టుకొని నీళ్ళ కోసం, లైట్ల కోసం తిరుగుతున్నారు కదా" అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ భాగమంతా దానికే జవాబు.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. కాలనీ సంక్షేమ సంఘాలు పని చేయవని నేను అనను. పైపు పగిలితే వాటర్ బోర్డుకు ఫోన్ చేసేది వాళ్ళే. వీధి లైటు వెలగకపోతే కమిషనర్‌కు కాగితం పెట్టేది వాళ్ళే. పార్కులో మొక్క నాటేది, బతుకమ్మకు, వినాయకుడికి టెంటు వేసేది వాళ్ళే. నా తగాదా పని మీద కాదు. ఆ పని చేసే సంఘంలో "మనం" అంటే ఎవరు అన్నదాని మీద.

మీ కాలనీ సంఘం బైలా ఒకసారి తెప్పించుకొని సభ్యత్వం పేజీ చదవండి. నేను చూసిన బైలాల్లో దాదాపు అన్నిట్లో ఒకటే మాట: కాలనీలో ప్లాటు గానీ, ఇల్లు గానీ, ఫ్లాటు గానీ సొంతంగా ఉన్నవాళ్ళే సభ్యులు. పేరేమో నివాసుల సంఘం, సభ్యత్వమేమో ఆస్తిపరులకు. పదిహేనేళ్ళుగా ఆ వీధిలో కిరాయికి ఉంటున్నవాడు నివాసి కాదు. ప్లాటు కొనిపెట్టి అమెరికాలో ఉన్నాయన నివాసి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెళ్ళాం పిల్లలతో రాత్రీ పగలూ ఉండే వాచ్‌మన్ నివాసి కాదు. నాలా పక్క బస్తీ నుంచి తెల్లారేసరికి వచ్చి ఆరిళ్ళలో గిన్నెలు తోమే అక్క అసలు లెక్కలోనే లేదు.

ఇందులో కులం ఎక్కడుంది అంటారా? రిజిస్ట్రేషన్ కాగితంలో ఉంది. ఈ దేశంలో భూమి ఎవరి చేతిలో ఉంది, ఎవరి చేతిలో లేదు అన్నది కులం లేకుండా ఎట్లా చెబుతారు? మన తాతలు ఊరి భూమి దున్నారు, పట్టా ఇంకొకరి పేరు మీద ఉంది. మన తండ్రులు నగరంలో ఇళ్ళకు రాళ్ళు మోశారు, రిజిస్ట్రేషన్ ఇంకొకరి పేరు మీద జరిగింది. సభ్యత్వానికి ఆస్తిని షరతు పెట్టిన సంఘం కులం పేరు ఎత్తాల్సిన పనే లేదు. దస్తావేజు ఆ పని చేసిపెడుతుంది.

ఆస్తి ఒక్కటే వడపోత అనుకోకండి. టు-లెట్ బోర్డు చూడండి. "వెజిటేరియన్లకు మాత్రమే." కేంద్ర ప్రభుత్వపు 2014 శాంపిల్ సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 99 శాతం మంది మాంసం తినేవాళ్ళే. మరి ఆ బోర్డు ఎవరి కోసం? కూర వాసన కోసం కాదు, మనిషి వాసన కోసం. ఓనరు ఒక్కడే కట్టిన బోర్డే కావచ్చు. కానీ వీధిలో కుక్కల గురించి, పార్కింగ్ గురించి తీర్మానాలు చేసే సంఘం ఈ బోర్డు మీద ఎన్నడైనా ఒక్క తీర్మానం చేసిందా? నేను కిరాయికి ఉన్న ఒక కాలనీలో వార్షిక సమావేశానికి పోయి ఇదే అడిగాను. "మీరు మెంబర్ కాదు కదండీ" అన్నారు. నెలనెలా మెయింటెనెన్స్ డబ్బు మాత్రం నా దగ్గరే వసూలు చేశారు. డబ్బుకు సభ్యత్వం అక్కర్లేదు, మాటకే కావాలి.

2023లో హైదరాబాద్‌లోని ఒక హౌసింగ్ సొసైటీ నోటీసు ఫొటో ఊరంతా తిరిగింది. పనివాళ్ళు, డ్రైవర్లు, డెలివరీ అబ్బాయిలు మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా. ఇంట్లోకి వచ్చి వంట వండాలి, పిల్లను ఎత్తుకోవాలి, ముసలమ్మకు స్నానం చేయించాలి. లిఫ్టు మాత్రం తాకకూడదు. ఊళ్ళో రెండు గ్లాసుల పద్ధతి పోయిందని సంబరపడుతున్నాం. నగరంలో అది రెండు లిఫ్టులై నిలబడింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇళ్ళలోపల వాళ్ళ ఇష్టం అనుకుందాం కాసేపు. కానీ ఈ సంఘాలు ఇళ్ళలోపల ఆగడం లేదు. నగర పాలనలోకి వచ్చి కూర్చున్నాయి.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానివల్ల వచ్చిన 243టి అధికరణం మునిసిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి సీట్లు ఇచ్చింది. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా ఇచ్చింది. 243ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు పెట్టమంది. అంటే బస్తీలో పుట్టిన అక్క కార్పొరేటర్ కుర్చీలో కూర్చునే దారి ఏర్పడింది. ఆ తర్వాత ఏం జరిగింది? ఢిల్లీలో 2000లో భాగీదారీ పేరుతో కాలనీ సంఘాలను ప్రభుత్వం నేరుగా భాగస్వాములను చేసుకుంది. ఆ గాలి అన్ని నగరాలకూ వీచింది. ఇప్పుడు అధికారి కాలనీకి వస్తే ముందు అడిగేది సంఘం అధ్యక్షుడిని. కార్పొరేటర్ చెబితే "రాజకీయం". సంఘం చెబితే "పౌర సమాజం". మనవాళ్ళు ముందు తలుపులోంచి లోపలికి వచ్చేసరికి, అధికారం వెనక తలుపులోంచి పోయి కాలనీ క్లబ్‌హౌస్‌లో కూర్చుంది. ఆ క్లబ్‌హౌస్‌లో రిజర్వేషన్ లేదు. రోస్టర్ లేదు. బస్తీవాడికి ఓటు లేదు.

తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం చూడండి. వార్డుకు నాలుగు కమిటీలు: యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, సీనియర్ సిటిజన్లకు ఒకటి. నాలుగోది "ప్రముఖ పౌరులకు". పౌరుల్లో ప్రముఖులు, అప్రముఖులు అని రెండు రకాలున్నారని మన రాజ్యాంగంలో ఎక్కడుంది? రోడ్డు ఊడ్చే అక్క ఎన్నేళ్ళు ఊడిస్తే ప్రముఖురాలు అవుతుంది? 2015 జులైలో మునిసిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. ప్రముఖులెవరో ఆ రోజుల్లో అందరి ముక్కులకూ తెలిసింది. సమ్మె అయిపోగానే ముక్కులు మరిచిపోయాయి.

మరుపు ఖరీదు ప్రాణం. కాలనీలో మ్యాన్‌హోల్ నిండితే, అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకు పొంగితే సంఘం సెక్రటరీ ఎవరికో ఫోన్ చేస్తాడు. రెండు వేలకు బేరం కుదురుతుంది. దిగేవాడు ఎవడు? కేంద్ర ప్రభుత్వ నమస్తే పథకం కింద 2024 నాటికి గుర్తించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలే. దిగాక పైకి రాకపోతే "మాకు తెలియదు, కాంట్రాక్టర్ పంపాడు" అంటారు. 2013 చట్టం 7వ సెక్షన్ చదవండి. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించడానికి ఏ వ్యక్తీ, ఏ సంస్థా పనికి పెట్టుకోకూడదు. మొదటిసారి దొరికితేనే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగులో చనిపోయిన మనిషి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్కు గేటు టైమింగులు బోర్డు మీద రాసే సంఘాలు ఈ సెక్షన్‌ను కూడా పక్కన రాయొచ్చు కదా?

బండివాళ్ళ సంగతీ అంతే. కాలనీ మూల మీద ఇడ్లీ బండి ఉంటే "న్యూసెన్స్" అని ఫిర్యాదు. పొద్దున్నే అక్కడ తినేదీ ఆ కాలనీ పిల్లలే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేయకుండా ఎవరినీ తీసేయకూడదు. బండ్లు ఎక్కడ ఉండాలో పట్టణ వెండింగ్ కమిటీ చూడాలి. ఆ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే, అదీ ఎన్నికై ఉండాలి. కాలనీ సంఘానికి కూడా అందులో చోటుంది. చోటు ఉంది, పెత్తనం లేదు. చట్టం ఇచ్చింది పక్క కుర్చీ, వాళ్ళు తీసుకున్నది పెద్ద కుర్చీ.

"మీకు సంఘం అంటేనే పడదు" అంటారని తెలుసు. అన్నా, ఈ నగరంలో సంఘం పెట్టి వీధిని బాగుచేయడం మాకు ఎవరూ నేర్పలేదు. 1908 మూసీ వరద తర్వాత నిజాం సర్కారు 1912లో నగర మెరుగుదలకు బోర్డు పెట్టింది. అంతకు ముందే 1906లో పద్దెనిమిదేళ్ళ మాదరి భాగయ్య, మనం భాగ్యరెడ్డి వర్మ అని పిలుచుకునే మనిషి, జగన్ మిత్ర మండలి పెట్టాడు. 1911లో అది మాన్య సంఘం అయింది. హరికథలతో, భజనలతో జనాన్ని పోగుచేశారు. బస్తీల్లో బడులు తెరిచారు. సారా మాన్పించారు. జోగిని ఆచారం మీద కొట్లాడారు. ఆ సంఘంలో చేరడానికి దస్తావేజు చూపించమని ఎవరూ అడగలేదు, చూపించడానికి ఎవరి దగ్గరా లేదు. వాళ్ళకు సంక్షేమం అంటే పక్క మనిషి బాగుపడటం. వీళ్ళకు సంక్షేమం అంటే గజం రేటు పెరగడం. తేడా అక్కడుంది.

అందుకని వాళ్ళ సంఘంలో మమ్మల్ని చేర్చుకోండి అని బతిమాలడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ క్లబ్బు వాళ్ళు నడుపుకోనీ. మనం అడగాల్సింది మూడు.

ఒకటి. వార్డు పనుల మీద అధికారులు కాలనీ సంఘంతో మాత్రమే మీటింగు పెట్టడం ఆపాలి. కేంద్రం తయారుచేసిన నగర రాజ్ నమూనా బిల్లు ఏరియా సభ అంటే ఏంటో స్పష్టంగా చెప్పింది: ఆ పోలింగ్ బూతు ఓటర్లందరూ. ప్లాటు ఓనర్లు అని అనలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వార్డు కమిటీలకు, ఏరియా సభలకు చట్టం కూడా వచ్చింది. మీ బూతులో ఏరియా సభ చివరిసారి ఎప్పుడు జరిగిందని సమాచార హక్కు కింద అడగండి. జవాబు వచ్చాక ఇక్కడే పెట్టండి.

రెండు. ప్రజల సొమ్ముతో కట్టిన పార్కు, కమ్యూనిటీ హాలు ఏ సంఘం చేతిలో ఉన్నా, పక్క బస్తీ పిల్లకు గేటు తెరిచే ఉండాలి. ఆడుకోవడానికి వచ్చిన పిల్లను "ఏ బ్లాకు?" అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మూడు. కాలనీలో చెత్త ఎత్తేవాళ్ళు, మోరీలు తీసేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు లేకుండా పారిశుధ్యం మీద జరిగే ఏ మీటింగూ మీటింగు కాదు. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకు వస్తే శాలువా కప్పేది ఎవరికో, చీపురు పట్టేది ఎవరో అందరికీ తెలుసు.

ఇవి ఎవరో ఇస్తారని కూర్చోవద్దు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఒక సంఘం పెట్టుకోవడానికి ఏడుగురు మనుషులు చాలు. ఇల్లు ఉండాలని ఆ చట్టం అనలేదు, గజాల లెక్క అడగలేదు. కిరాయిదారు, వాచ్‌మన్, ఇడ్లీ బండి అన్న, పనికి పోయే అక్క, ఆటో తమ్ముడు, ఊడ్చే పెద్దమ్మ, డిగ్రీ చదివే చెల్లె. లెక్కపెట్టండి, ఏడుగురయ్యారు.

వచ్చే ఆదివారం 8వ భాగం: బస్తీ శ్మశానం ఎవరి పేరు మీద ఉంది? అప్పటిదాకా మీ కాలనీ బైలాలో సభ్యత్వం పేజీ ఫొటో తీసి కింద కామెంట్లలో పెట్టండి. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి పెట్టండి. మన కొట్లాట మనుషులతో కాదు, ఆ పేజీతో.

జై భీమ్.